ఫ్లెక్సీలను నమ్మవద్దని విన్నపం

మా సీనియర్ పెట్టిన వీడియో చూసి వీసా అధికారి కరిగిపోయి, సన్నాయి విద్వాంసుడికి అక్కడికక్కడే వీసా ఇచ్చేశాడని విజయనగరం కోర్టు ఆవరణలో ఒక కథ తిరుగుతూ ఉంటుంది. టీ కొట్టు దగ్గర మొదలై బార్ రూముకి చేరేలోపు ఆ అధికారికి కన్నీళ్ళు కూడా వస్తాయి. మొన్న నెల్లిమర్లలో ఒక పెళ్ళిలో, కొత్తగా కోటు వేసుకున్న కుర్ర లాయరు ఒకాయన నా పక్క కుర్చీలో కూర్చుని, నేనెవరో తెలియక, నాకే ఆ కథ చెప్పాడు. "అందుకే మేడం, ఈ రోజుల్లో లాయరుకి పుస్తకం కన్నా ఫోనే ముఖ్యం" అని నీతి కూడా తీశాడు. అంతలో పప్పు వడ్డించేవాళ్ళు వచ్చారు కాబట్టి బతికిపోయాడు.

ఆ వీడియో వల్ల వీసా రాలేదు. ఆ వీడియో వల్ల వీసా పోబోయింది. ఆ రోజుల్లో ఆ ఆఫీసులో కూర్చుని క్లయింట్ల ఫేస్‌బుక్కులు చదివిందాన్ని నేను. అధికారికి జవాబు రాసిందాన్ని నేను. కన్నీళ్ళు ఎవరికైనా వచ్చి ఉంటే మా గుమస్తాకి వచ్చాయి, అవీ ఉల్లిపాయ పకోడీలు తింటున్నప్పుడు.

ఇప్పుడు ప్రాక్టీసు మానేశాను కనుక ఎవరికీ భయపడి రాయనక్కర్లేదు. మానకముందు భయపడ్డానని కాదు. పేర్లు మాత్రం రాయను. రాస్తే నోటీసు పంపుతారు, దానికి జవాబు మళ్ళీ నేనే రాసుకోవాలి.

మా ఆఫీసు ఒక మిఠాయి కొట్టు మేడ మీద ఉండేది. ఎంత కష్టంలో వచ్చినవాళ్ళయినా పాకం వాసన పీల్చుకుంటూనే మెట్లెక్కేవారు. మా సీనియర్ సగం వయసు వరకూ పొలం గట్ల తగాదాలు చేశారు. ఆ తర్వాత మా వైపు నుంచి వెల్డర్లు, నర్సులు, వంటవాళ్ళు, పురోహితులు దేశాలు పట్టుకుని పోవడం ఎక్కువయ్యేసరికి, గట్టు మీద కొట్టుకునేవాళ్ళ కన్నా సముద్రం దాటేవాళ్ళు నయమని ఇటు తిరిగారు. మనిషి మంచివారు. కెమెరా కనిపించనంతసేపూ చాలా మంచివారు.

లాయర్లు తమ గురించి ప్రకటనలు ఇచ్చుకోకూడదని మా వృత్తి నియమం. అందుకని మా సీనియర్ ప్రకటనలు ఇవ్వలేదు, ప్రజలకు 'అవగాహన' కల్పించారు. ప్రతి శనివారం సాయంత్రం ఫేస్‌బుక్ లైవ్. మొహానికి పౌడరు, వెనకాల అద్దాల బీరువా నిండా లావుపాటి పుస్తకాలు. అవి మోటారు వాహనాల చట్టానివి. ఇమిగ్రేషన్‌కీ వాటికీ సంబంధం లేదు, అట్టల రంగు బాగుందని పెట్టించారు. కింద కామెంట్లలో వచ్చే ప్రశ్నలకు జవాబులు రాయడం నా పని. టెన్త్ తప్పాను ఏ దేశం మంచిదండీ అని ఒకరు, మా ఆవిడకి చెప్పకుండా వెళ్ళొచ్చా అని ఒకరు, సార్ ఆ చొక్కా ఎక్కడ కొన్నారు అని ఒకరు. ఆఖరి ప్రశ్నకి మాత్రం ఆయనే జవాబిచ్చేవారు.

ఇది బయటికి కనపడే భాగం. లోపల జరిగేది వేరు. చాలా దేశాలవాళ్ళు దరఖాస్తులోనే మీకు ఏయే సోషల్ మీడియా ఖాతాలున్నాయో చెప్పమంటారు. అడగనివాళ్ళు కూడా చూడరని భరోసా లేదు. కాబట్టి అధికారి చూసేలోపు మనం చూడాలి. ఆ చూసే ఉద్యోగం నాది. పెళ్ళి కాలేదని రాసినవాడి గోడ మీద కొడుకు అన్నప్రాసన ఫొటో. నర్సుగా వెళ్ళబోయే పిల్ల ఉద్యోగం దగ్గర 'మా నాన్నకి యువరాణి' అని ఉంటుంది. ఒక వెల్డరు తనని తాను కంపెనీ అధినేతగా రాసుకున్నాడు. ఏ కంపెనీ నాయనా అంటే, మా ఫ్రెండ్సందరం కలిసి కూర్చునే రావి చెట్టు కింద అరుగు మేడం అన్నాడు. ఇవన్నీ నవ్వులాటకి రాసుకున్నవని మనకి తెలుసు. ఏడు సముద్రాల అవతల పుట్టి పెరిగిన అధికారికి ఎలా తెలుస్తుంది?

ఈ విషయంలో నాది ఒకటే సూత్రం. ఉన్నది ఉన్నట్టు ఉంచు, తేడాగా కనిపించేదాన్ని నువ్వే ముందుగా చెప్పు, ఏదీ చెరపకు. మా సీనియర్‌ది కూడా ఒకటే సూత్రం: చెరిపెయ్. ఈ రెండు సూత్రాల మధ్యా రోజుకో వాదన నడిచేది. అది ముదిరినప్పుడల్లా మా గుమస్తా టీలు తెప్పించేవాడు. ఆయనది కళింగపట్నం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ ఊరికి ఫేస్‌బుక్ గ్రూపు ఉన్నా అందులో ఆయన సభ్యుడే. పొద్దున్నే అన్ని ఊళ్ళకీ గులాబీ పువ్వుతో శుభోదయం చెప్పి గానీ ఆఫీసుకి వచ్చేవాడు కాదు. ఈ జబ్బు మాకు ఎంత పనికొచ్చిందో చెబుతాను.

ఒక రోజు ఒక మొగుడూ పెళ్ళాం వచ్చారు. శృంగవరపుకోట దాటాక కొండ వారనున్న ఒక ఊరు వాళ్ళది. ఆయన సన్నాయి విద్వాంసుడు. తాతల నుంచి ఆ ఊరి గుడిలో మేళం వీళ్ళ ఇంటిదే. ఆయన తర్వాత వాయించేవాళ్ళు ఆ ఇంట్లో లేరు. ఆయన మాట్లాడరు. మాట్లాడే పని ఆవిడ చూసుకుంటుంది. వచ్చిన విషయం ఆవిడే చెప్పింది. విదేశంలో మన తెలుగువాళ్ళు కట్టుకున్న ఒక గుడివాళ్ళు ఈయన సన్నాయి ఎక్కడో పెళ్ళిలో విని, రెండేళ్ళు వచ్చి మా గుడిలో వాయించమని పిలిచారట.

"ఇక్కడ గుడి ఉంది కదమ్మా, అక్కడికి దేనికి?" అన్నారు మా సీనియర్, కాగితాలు తిప్పుతూ.

"ఇక్కడ డబ్బా వాయిస్తన్నాది బాబూ," అంది ఆవిడ.

డబ్బా అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. మీట నొక్కితే డోలూ తాళం గంటా అన్నీ తనే మోగించే మోటారు మిషను. గుడి కమిటీవాళ్ళు తెచ్చి పెట్టారు. అది వచ్చిన దగ్గర్నుంచి పొద్దుటి మేళం లేదు, సాయంత్రం మేళం లేదు. ఏడాదికోసారి స్వామి కల్యాణానికి ఊరేగింపులో మాత్రం ఈయన్ని పిలుస్తారు. భక్తి పెరిగి కాదు, మిషను నడవలేదు కాబట్టి. మిగతా రోజుల్లో పెళ్ళిళ్ళు. పెళ్ళిళ్ళలో కూడా తాళి కట్టే వేళ దాటితే సన్నాయి ఆపి పాటలు పెట్టమంటారు.

"దేవుడి ముందర కూకుని వాయించి ఎన్నాళ్ళయిపోయిందో," అని అప్పుడు ఒక్కసారి నోరు విప్పారాయన. "రెండేళ్ళు వాయించుకుని వచ్చీస్తానమ్మా." అంతే. ఆయన కోరిక అదే. ఎక్కడికో పోయి పెద్దవాడు కావాలని కాదు. మనిషిని పిలిచి వాయించమనే గుడి ఒకటి దొరికింది, రెండేళ్ళు అక్కడ ఊపిరి తీసుకుని రావాలని.

ఇలాంటి వీసాకి రెండు సంగతులు నమ్మించాలి. ఒకటి, ఈయన నిజంగా గుడి విద్వాంసుడేనని. రెండు, గడువయ్యాక తిరిగి వచ్చేస్తాడని. రెండోదానికి కల్యాణం హక్కు ఉంది. ఊరేగింపు కదలాలంటే మొదట ఆ ఇంటి సన్నాయే పలకాలి, అది ఆ ఊరి ఆచారం. రెండేళ్ళు ఎలాగో గడుపుకుంటాం, నీ స్థానం నీదేనని కమిటీ అధ్యక్షుడు నలుగురిలో మాటిచ్చాడు. చిక్కు మొదటిదానితో వచ్చింది. గుడిలో వాయిస్తున్న ఫొటో ఒక్కటి లేదు. గర్భగుడి ముందు ఫోను తీయకూడదు. ఆయన ఫేస్‌బుక్ ఖాతాలో చూస్తే ఉన్నది ఒకే ఒక్క ఫొటో, అది ఒక గేదెది. ఎవరిదయ్యా ఈ గేదె అంటే, మా బావమరిదిది, ఫోను కొన్నప్పుడు సరిగ్గా పడతాదో లేదో అని తీశానన్నారు.

మా సీనియర్ వెంటనే, గుడి వాతావరణం సెట్టు వేయించి ఒక వీడియో తీద్దామన్నారు. నేను లేచి తలుపు దగ్గరగా వేశాను. కింద మిఠాయి కొట్టువాళ్ళు మా వాదనలు వినడం నాకిష్టం ఉండదు. సెట్టు వేసి తీసినదాన్ని సాక్ష్యం అనరని, నాటకం అంటారని చెప్పాల్సిన తీరులో చెప్పాను. వాదన సగంలో ఉండగా గుమస్తా అన్నాడు.

"ఊరేగింపులో ఫోన్లు తీస్తారు కదా మేడమ్‌గోరూ. స్వామిని తీసినోడు ఈయన్ని తియ్యకండా ఎలగ తీస్తాడు?"

అలా మొదలైంది. ఆ ఊరి గ్రూపులో, పక్క ఊళ్ళ గ్రూపుల్లో, ఏళ్ళ తరబడి జనం పెట్టిన కల్యాణం ఫొటోలన్నీ తిరగేశాం. ఎండుచేపల్ని ఎండలో తిరగేసినట్టు ఒక్కోదాన్నీ అటూ ఇటూ తిప్పి చూడాలనేవాడు మా కళింగపట్నం గుమస్తా. ఎవరో కొత్త పెళ్ళికూతురు సెల్ఫీ తీసుకుంటే ఆమె చెవి దుద్దు వెనకాల సన్నాయి మూతి. ఎవరో పిల్లాడిని భుజాన ఎత్తుకుంటే ఆ పిల్లాడి కాళ్ళ మధ్య నుంచి ఉబ్బిన రెండు బుగ్గలు. ఒక ఎమ్మెల్యేగారు స్వామివారి ముందు కెమెరాకి దండం పెడుతుంటే, ఆయన కండువా పక్కన మళ్ళీ అవే బుగ్గలు. ప్రతి ఏడూ ఉన్నారాయన. ఎవరూ ఆయన కోసం తీయలేదు, ఆయన లేకుండా తీయడం ఎవరి వల్లా కాలేదు. తేదీలు ఫేస్‌బుక్కే వేసి పెట్టింది.

పిల్లలూ, మా వృత్తిలో సోషల్ మీడియా పనికొచ్చేది ఇలాగ. సీనియర్ లైవ్‌లు, ఆ పౌడరు, ఆ మోటారు వాహనాల పుస్తకాలు అన్నీ కలిపి ఆ సెల్ఫీ వెనకాల బుగ్గలకి సాటి రావు.

ఆ ఫొటోలు వాడుకోవడానికి పెట్టినవాళ్ళ అనుమతి తీసుకోవాలని నేను పట్టుబట్టాను. ఒక్కొక్కరికీ ఫోన్ చేశాం. ఒకావిడ ససేమిరా అంది. ఆ ఏడు ఆ ఫొటోలో తను లావుగా ఉందట, ఇంకోటి తీసుకోమంది. అయిపోయిన ఊరేగింపుని ఎక్కడి నుంచి తెచ్చి తీయమంటారని అడిగితే, వచ్చే ఏడు తీయండి, అప్పటికి తగ్గుతానంది. ఫొటోలన్నీ ఏడాది వారీగా పేర్చి విద్వాంసుడి భార్యకి చూపించాను. ఆవిడ చాలాసేపు చూసింది.

"బుగ్గలు సూసి నాను పెళ్ళి సేసుకున్నాను. బుగ్గలు సూసి ఆళ్ళు వీసా ఇచ్చేస్తారేటి లాయరమ్మా?" అంది.

ఇచ్చేసేవారే. ఫైలు అంత బాగా కుదిరింది. హైదరాబాదులో ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. కథ ఇక్కడ ముగిసి ఉంటే నేను రాసేదాన్ని కాదు, మీరు చదివేవారు కాదు.

మనవాళ్ళకి ఒక అలవాటుంది. పని అయ్యేదాకా ఆగలేరు. పిలుపు వచ్చిందని తెలియగానే ఊళ్ళో కుర్రాళ్ళ సంఘంవారు సన్మానం పెట్టారు. బస్సు స్టాపు దగ్గర ఇంత ఎత్తున ఫ్లెక్సీ కట్టారు. విద్వాంసుడి బొమ్మ, వెనకాల విమానం, ఇంకో మూల మంచు కొండలు, కింద వరుసగా సంఘం సభ్యుల మొహాలు. 'విదేశాలలో శాశ్వతంగా స్థిరపడనున్న మా ఊరి ముద్దుబిడ్డకు హార్దిక వీడ్కోలు.' శాశ్వతంగా అని ఎందుకు రాశారయ్యా అని తర్వాత అడిగితే, తాత్కాలికంగా అని రాస్తే సన్మానంలాగ ఉండదు కదండీ అన్నారు. ఒప్పుకోవాల్సిన మాటే.

ఊరు చేసింది సరే. చదువుకున్న మా సీనియర్ చేసింది చెబుతాను. ఆ సన్మానానికి ఆయన ముఖ్య అతిథి. శాలువా కప్పారు, సన్నాయి వాయించమని అడిగి వీడియో తీయించారు. దానికి వెనకాల ఇంకో సంగీతం కలిపి, మరుసటి రోజు మా ఆఫీసు పేజీలో పెట్టారు. 'మరో విజయం! మా కృషితో విదేశాల్లో స్థిరపడుతున్న సన్నాయి విద్వాన్.'

నేను విశాఖలో ఒక పని మీద ఉండి, సాయంత్రం బస్సులో చూశాను. ఇంటర్వ్యూ ఇంకా కాలేదు. రెండేళ్ళలో తిరిగి వచ్చేస్తాడని మేం రాసిచ్చిన మనిషిని, అక్కడే ఉండిపోతాడని మేమే దండోరా వేశాం. పేజీలో కింద అభినందనలు వరద కట్టాయి. అందులో మొదటిది మా గుమస్తాది, గులాబీ పువ్వుతో.

మర్నాడు ఆఫీసులో జరిగిన వాదన మొత్తం రాస్తే మీరు చెవులు మూసుకుంటారు. సీనియర్‌కి మొదట తప్పేమిటో అర్థం కాలేదు. జనం సంతోషంగా ఉన్నారు కదమ్మా అన్నారు. అర్థమయ్యాక గబుక్కున లేచారు. చెయ్యి ఫోను మీదకి పోయింది. చెరపవద్దన్నాను. ఊరంతా పంచుకున్నారు, మనం మన దగ్గర తీసేస్తే వాళ్ళ దగ్గర ఉంటుంది, తీసేసినట్టు కూడా కనపడుతుంది, తప్పు రాశామని కింద మనమే రాద్దాం అన్నాను. సరేనన్నారు. నేను వాటర్ బాటిల్ నింపుకుని వచ్చేలోపు చెరిపేశారు.

ఇంటర్వ్యూ గదిలోకి లాయర్లని రానివ్వరు. ఏం జరిగిందో ఆయన తిరిగొచ్చి చెప్పిందే నాకు తెలుసు. ఫైలు తిప్పి చూశారట. బుగ్గల ఫొటోలు చూసి అధికారి నవ్వాడట కూడా. తర్వాత కంప్యూటరు ఇటు తిప్పి, కుర్రాళ్ళ సంఘంవారి పేజీలో ఉన్న మా వీడియో చూపించాడట. నేను నీకు వీసా ఇచ్చినట్టు నాకే తెలియదే, నీ లాయరుకి ఎలా తెలిసింది అని దుబాసీ చేత అడిగించాడట. మీ లాయరు ఆఫీసువాళ్ళు దీన్ని తమ పేజీలోంచి ఎందుకు తీసేశారని రెండో ప్రశ్న.

"ఏటి సెప్పినారు?" అని అడిగాను. అలాంటి సమయాల్లో నాకూ మా ఊరి భాషే వస్తుంది.

"మా లాయరమ్మ తిట్టింది, అందుకు తీసీసినారు అన్నానమ్మా," అన్నారాయన. "నిజమే కదా."

నిజమే. ఆ దేశపు సర్కారు ఫైల్లో నేను నోటి దురుసు మనిషినని శాశ్వతంగా నమోదైంది. శాశ్వతంగా అనే మాట ఇక్కడ సరిపోతుంది.

అధికారి ఇస్తాననలేదు, ఇవ్వననలేదు. ఈ రెండు మాటలకీ రాతపూర్వకంగా సంజాయిషీ పంపమని ఒక చీటీ ఇచ్చి పంపించాడు.

సంజాయిషీ ఎవరు రాయాలి, ఏమని రాయాలి అని మేం ఆఫీసులో కొట్టుకుంటున్నాం. పొరపాటున మా కుర్ర సిబ్బంది పెట్టారని రాద్దామని సీనియర్. మనకి కుర్ర సిబ్బంది లేరు కదా అని నేను. ఆ మాటల్లో ఉండగానే విద్వాంసుడి భార్య ఒక్కతే మెట్లెక్కి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. నా వైపు చూడలేదు. మా సీనియర్ ఎదురుగా నిలబడింది.

"బాబూ, మీరంతా కలిసి అతనికి శాలువాలు కప్పీసినారు. ఇప్పుడు బజారుకెల్తే ఇంకా ఎల్లనేదేటి అని అడుగుతన్నారు. లగ్గాల రోజులు. ఏటా పిలిసే ఇళ్ళు కూడా, ఆయన దేశం ఎల్లిపోయినాడు కదా అని ఏరే మేళం మాట్లాడీసుకున్నాయి. మేం ఊళ్ళోనే ఉన్నాం అంటే, మరి ఫ్లెక్సీలో ఎల్లిపోయినట్టు ఉన్నాది కదా అంటన్నారు. గుడి నేదు, పెళ్ళీ నేదు, దేశమూ నేదు. మూడు దినాల్నుండి సన్నాయి సంచీలోంచి తియ్యనేదు. నాను అడిగితే, ఎవులికి వాయించను అంటన్నాడు. మీ ఫోను మీద మీరు రాసుకున్నారు. అతని నోరు కట్టీసినారు."

గొంతు పెంచలేదావిడ. సరుకుల లెక్క చెప్పినట్టు చెప్పి, చెంగు సర్దుకుని నిలబడింది. మా సీనియర్ చేతిలో ఫోను ఉంది. దాన్ని బోర్లించి బల్ల మీద పెట్టారు. ఆయన ఫోను బోర్లించడం నేను అదే మొదటిసారి చూడటం. లేచి, ఆవిడకి చేతులు జోడించి, "తప్పయిపోయిందమ్మా" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "నీ ఇష్టం వచ్చినట్టు రాయి. సంతకం నేను పెడతాను" అన్నారు. ఆయన్ని నేను ఎన్ని మాటలన్నా, ఆ సంతకం మాట మీదే ఇప్పటికీ గౌరవం ఉంది.

రాశాను. ఆ సంజాయిషీ నా ఉద్యోగ జీవితంలో నేను రాసిన అన్నిటిలోకీ గొప్పది. మెచ్చుకోవడానికి వేరేవాళ్ళు లేరు కాబట్టి నేనే అంటున్నాను. దాని సారాంశం ఒక్కటే: అయ్యా, మా జిల్లాల్లో ఫ్లెక్సీ అనేది సమాచారం కాదు, మర్యాద. మేం పెట్టిన వీడియో కూడా ఫోనులోకి ఎక్కిన ఫ్లెక్సీయే. దయచేసి వాటిని నమ్మవద్దు.

ఉత్త మాట సరిపోదు, రుజువు కావాలి. మళ్ళీ గుమస్తా ఊరి గ్రూపుల్లో పడ్డాడు. ఈసారి వెతికింది అబద్ధం చెప్పిన ఫ్లెక్సీల కోసం. మీకు తెలుసు, వాటికి కరువేముంది. 'కాబోయే ఎమ్మెల్యే గారికి జన్మదిన శుభాకాంక్షలు' అన్నది ఒకే నియోజకవర్గంలో అరడజను మందికి దొరికింది. ఆ అరడజనులో ఒక్కరూ కాలేదని, అయినవాడు ఏడోవాడని పక్కన రాసి జతచేశాను. ఉన్నత విద్య కోసం సుదూర తీరాలకు తరలిపోతున్న ఒక కుర్రాడి ఫ్లెక్సీ, ఆ కుర్రాడు విశాఖ హాస్టల్లో చేరి వారం తిరక్కుండా ఇంటికొచ్చి బావిగట్టు మీద దిగిన ఫొటో. రిటైరైన ఒక పెద్దమనిషిని 'అజాతశత్రువు' అన్న ఫ్లెక్సీ కూడా ఉంది. ఆయన మీద దావాలు వేసినవాళ్ళ తరఫు లాయర్ని నేనే. అందులో నా వ్యక్తిగత పరిజ్ఞానం మేరకు అది పూర్తిగా అసత్యమని ప్రమాణం చేశాను. ఒక ఎద్దుకి పెట్టిన పుట్టినరోజు ఫ్లెక్సీ కూడా దొరికింది గానీ, అది నిజంగానే దాని పుట్టినరోజని తేలడంతో వదిలేశాం.

మా పోస్టు మేం ఎందుకు పెట్టామో, ఎందుకు చెరిపామో దాచకుండా రాశాను. 'తొందరపాటు, ఆ తర్వాత భయం' అని. సీనియర్ ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివి, సంతకం పెట్టేశారు.

చివర్లో అసలు మాట రాశాను. ఈయన తప్పకుండా తిరిగి వస్తారు, ఎందుకంటే ఈయన సన్నాయి పలకనిదే ఆ ఊరి కల్యాణం ఊరేగింపు కదలదు, ఆ ఊరికి ఈయన కావాలి అని. కమిటీ అధ్యక్షుడు నలుగురిలో ఇచ్చిన మాటని దానికి ఆధారంగా చూపించాను.

కొన్నాళ్ళకి వీసా వచ్చింది. ఎందుకిచ్చారో వాళ్ళు చెప్పరు, అడిగే హక్కు మనకి లేదు. బుగ్గలు పనిచేశాయో, కాబోయే ఎమ్మెల్యేలు పనిచేశారో తెలియదు. ఆయన వెళ్ళేదాకా పేజీలో ఏమీ పెట్టనని సీనియర్ నా ముందు ఒట్టేసి, విమానం గాల్లోకి లేచిన గంటకి ఆ పాత వీడియోనే మళ్ళీ పెట్టారు. 'ఈ వీడియో ప్రపంచాన్ని కదిలించింది' అని పైన రాశారు. మీ కోర్టు ఆవరణ కథ పుట్టింది ఆ ముక్కలోంచి. ఆ తర్వాత కొన్ని నెలలకి ఆయన ఆఫీసు విశాఖకి మార్చారు, నేను ప్రాక్టీసు మానేశాను. గుమస్తా సొంత ఊరు చేరి ఇప్పటికీ నాకు రోజూ గులాబీ పంపిస్తున్నాడు.

విద్వాంసుడు అక్కడ రోజూ రెండు పూటలా వాయిస్తున్నారు. ఆ గుడివాళ్ళు దాన్ని యూట్యూబులో పెడతారు. చూశాను. దేవుడి ఎదురుగా, పక్కకి ఒదిగి కూర్చుని, కళ్ళు మూసుకుని వాయిస్తుంటారు. ఈసారి ఆయన ఎవరి చెవి దుద్దు వెనకాలా లేరు, కెమెరా ఆయన మీదే ఉంది.

ఇది ఇంత వరకూ బాగుంది. కానీ మొన్న ఆ ఊరి కల్యాణానికి వెళ్ళాను. ఆయన భార్య పిలిచింది. పల్లకి సిద్ధమైంది. జనం పక్కకి తప్పుకున్నారు. ఊరేగింపు కదలడానికి సన్నాయి పలకాలి. ఎవరిని పిలిచారో చూద్దామని నేను మెడ చాచాను. కమిటీ అధ్యక్షుడు జేబులోంచి ఫోను తీసి ఒక మీట నొక్కాడు. పల్లకి బొంగుకి కట్టిన నల్లటి స్పీకర్లోంచి మా విద్వాంసుడి సన్నాయి మోగింది. అక్కడి గుడి యూట్యూబు వీడియో. ఏ మాటకామాట, అద్భుతంగా వాయించారు. పల్లకి కదిలింది. జనం దండాలు పెట్టారు.

"ఆచారం తప్పలేదమ్మా, మొదటి సన్నాయి ఆ ఇంటిదే," అన్నాడు అధ్యక్షుడు నన్ను చూసి, మెప్పు కోసం ఆగి. "ఎంత క్లియరుగా వస్తన్నాదో సూసినారా?"

విద్వాంసుడి భార్య నా పక్కనే ఉంది. చేతులు జోడించి మొగుడి సన్నాయి వింటోంది. స్వామికి దండం పెట్టిందో, స్పీకర్‌కి పెట్టిందో తెలియలేదు. "బాగా వాయిస్తన్నాడు," అంది నెమ్మదిగా, అంతే.

సాయంత్రం కమిటీవాళ్ళు ఊరేగింపు ఫొటోలు తమ పేజీలో పెట్టారు. ఒక్కొక్కటీ పెద్దది చేసి చూశాను. ఏ సెల్ఫీ వెనకాల వెతికినా స్పీకరే ఉంది. అక్కడ నా పేరుతోనే కామెంట్లో ఒక ప్రశ్న అడిగాను. దానికి అందరూ లైకులు కొట్టారు, అధ్యక్షుడు చేతులు జోడించిన బొమ్మ పెట్టాడు. జవాబు మాత్రం ఎవరూ ఇవ్వలేదు. ఆ ఊరికి ఈ మనిషి కావాలని ఒక పరాయి దేశానికి రాసిచ్చినదాన్ని నేను, ఆ దేశంవాళ్ళు నా మాట నమ్మారు. కనుక అదే ప్రశ్న ఇక్కడ మళ్ళీ అడుగుతున్నాను. వచ్చే ఏడు గడువు పూర్తయి ఆయన తిరిగి వస్తారు కదా, అప్పుడు కల్యాణానికి ఆయన్ని పిలుస్తారా?